పెద్దాపరేషన్ అయింది తల్లికి, బిడ్డకి కాదు

ప్రశ్న:

మేడమ్, నా వయసు 28. మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. రెండున్నరేళ్ళ కిందట మొదటి కాన్పు ప్రైవేటు ఆస్పత్రిలో అయింది. ఉమ్మనీరు తగ్గిందని ఆపరేషన్ చేశారు. పాప 2.8 కిలోలు, పుట్టగానే ఏడ్చింది, ఏ ఇబ్బందీ లేదన్నారు. తెర పక్కనుంచి ఒక్క క్షణం మొహం చూపించి తీసుకెళ్ళిపోయారు. ఏడు గంటల తర్వాత రూములో నా పక్కన పడుకోబెట్టారు. అప్పటికే రెండుసార్లు డబ్బాపాలు పట్టించారట. ఆ తర్వాత ఎంత తంటాలు పడినా పాప రొమ్ము పట్టలేదు. మూడో నెలకల్లా పాలు ఆగిపోయాయి. "పెద్దాపరేషన్ వాళ్ళకి పాలు పడవు" అంటుంది మా అత్తమ్మ. ఇప్పుడు నాకు 33 వారాలు. మళ్ళీ ఆపరేషనే అన్నారు. మా మామయ్య పంతులుగారితో ముహూర్తం పెట్టించారు, ఆ రోజుకి నాకు 37 వారాల 2 రోజులు అవుతాయి. ఈసారైనా బిడ్డని వెంటనే నా దగ్గర ఉంచమని ఆస్పత్రి వాళ్ళని అడగొచ్చా? అడిగితే వాళ్ళకి కోపమొచ్చి సరిగ్గా చూడరేమోనని టెన్షన్‌గా ఉంది. ఈసారి కూడా పాలు పడకపోతే ఏం చేయాలి? పేరు వేయొద్దు.

సమాధానం:

అమ్మా, అడగొచ్చు. అడగాలి కూడా. ఎవర్ని అడగాలో, ఏ మాటలతో అడగాలో రాస్తాను. దానికన్నా ముందు, రెండున్నరేళ్ళుగా మీ మనసులో గుచ్చుకుంటున్న ముల్లు తీసేయాలి. మీ పాపకి పాలు అందకపోవడంలో మీ తప్పు లేదు. మీ ఒంట్లో లోపమూ లేదు.

మాయ గర్భసంచి నుంచి విడిపోగానే పాలు తయారుచేయమని ఒంటికి కబురు వెళ్తుంది. మాయ మామూలు కాన్పులో వచ్చిందా, కడుపు కోసి తీశారా అన్నది రొమ్ములకి తెలియదు. ముర్రుపాలైతే ఏడో నెల దాటేసరికే రొమ్ములో సిద్ధంగా ఉంటాయి. ఆ తర్వాత పాలు పెరగాలంటే బిడ్డ చప్పరించాలి. ఎంత త్వరగా, ఎన్నిసార్లు చప్పరిస్తే అంత పెరుగుతాయి. మీ అత్తమ్మ కళ్ళతో చూసిందే చెబుతోంది, అబద్ధం చెప్పడంలేదు. ఆపరేషన్ అయిన చాలామందికి పాలు ఒకటి రెండు రోజులు ఆలస్యంగా పొంగుతాయి. మూడో రోజుకి బదులు నాలుగో రోజో అయిదో రోజో అవుతుంది. ఈలోగా బిడ్డని వేరే గదిలో పెట్టి సీసా పట్టిస్తే ఆలస్యం కాస్తా లేకపోవడంగా మారుతుంది. ఆవిడ చూసింది ఇదే.

ఇంకో సంగతి. పుట్టిన బిడ్డ మొదటి గంట, గంటన్నర కళ్ళు పెద్దవి చేసుకుని చురుగ్గా ఉంటుంది. చేతులు నోట్లో పెట్టుకుంటుంది, నాలుక చాపుతుంది, వెతుకుతుంది. ఆ తర్వాత గాఢంగా నిద్రపోతుంది. మీ పాప వెతుకుతున్న గంట నర్సరీలో గడిచిపోయింది. మీ దగ్గరికి వచ్చేసరికి కడుపు నిండి మత్తులో ఉంది. మొదటి రోజు బిడ్డ ఒక్కోసారి తాగేది దాదాపు ఒక టీస్పూను. మేం సీసాలో కలిపేది 30 మిల్లీలీటర్లు, అంటే ఆరు చెంచాలు. అంత తాగిన పసికందు నాలుగైదు గంటలు నోరు తెరవదు. తల్లేమో "నా పాలు వద్దంటోంది" అని ఏడుస్తుంది.

మేం అని ఎందుకన్నానంటే, ఆ సీసాలు కలిపినవాళ్ళలో నేనూ ఉన్నాను. నర్సుగా 31 ఏళ్ళు పనిచేశాను, అందులో ఎక్కువ భాగం పుట్టిన పిల్లల దగ్గరే. మొదట్లో నేను చేరిన నర్సింగ్‌హోమ్‌లో ఆపరేషన్ బిడ్డలందరినీ వరసగా ఉయ్యాలల్లో పడుకోబెట్టేవాళ్ళం. ఏడిస్తే గ్లూకోజు నీళ్ళు, లేకపోతే డబ్బాపాలు. బిడ్డల గది నిశ్శబ్దంగా ఉంటే డ్యూటీ బాగా చేసినట్టు. ఎందుకు ఇలా చేస్తున్నామని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

ఒక డిసెంబరు రాత్రి ఒకదాని వెంట ఒకటి రెండు ఆపరేషన్లు అయ్యాయి. బిడ్డల్ని వెచ్చగా ఉంచే యంత్రం, వార్మర్, ఒక్కటే. మొదటి బిడ్డకి ఊపిరి కొంచెం ఇబ్బందిగా ఉంటే వార్మర్ ఆ బిడ్డకి పోయింది. రెండో బాబుకి బట్టలు చుట్టి చేతిలో పట్టుకుని నిలబడ్డాను. చేతి వెనక భాగంతో పాదాలు తాకి చూస్తే చల్లగా ఉన్నాయి. పొట్ట మాత్రం వెచ్చగా ఉంది. అంటే బిడ్డ చలితో పోరాడుతున్నాడన్నమాట. వేరే దారిలేక తల్లి రికవరీ గదిలోకి రాగానే ఆమె జాకెట్టు గుండీలు విప్పి, వాణ్ణి ఒంటిమీద బట్టల్లేకుండా ఆమె రొమ్ముల మధ్య బోర్లా పడుకోబెట్టి, పైన టోపీ, రెండు దుప్పట్లు కప్పాను. ఇరవై నిమిషాలకి పాదాలు ముట్టుకుంటే వేడన్నం ముట్టుకున్నట్టుంది. వార్మర్ కింద బిడ్డ అంత తొందరగా వెచ్చబడటం నేనెప్పుడూ చూడలేదు. దుప్పటి ఎత్తి చూద్దును కదా, మోకాళ్ళతో నెట్టుకుంటూ మెల్లగా పక్కకి పాకి, నోరు తెరిచి తనంతట తనే రొమ్ము పట్టుకున్నాడు. ఆ తల్లికి నడుము కింద ఇంకా స్పర్శ లేదు. కానీ వాణ్ణి చూసి నవ్వుతోంది. అప్పుడు అర్థమైంది నాకు, ఆపరేషన్ అయింది ఈమెకి, బిడ్డకి కాదు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డని తల్లి నుంచి దూరంగా ఎందుకు పెడుతున్నామో చెప్పడానికి నా దగ్గర ఒక్క వైద్య కారణం కూడా లేదు. అలవాటు, అంతే.

ఇప్పుడు ముహూర్తం సంగతి. ఇది మీరు అడగలేదు, ఊరికే ప్రస్తావించారు. నాకైతే మీ ఉత్తరంలో అన్నిటికన్నా భయం వేసింది ఇక్కడే. పూజలు, ముహూర్తాలు చేసుకోవద్దనను. మా ఇంట్లోనూ ఉన్నాయి. కానీ 37 వారాల 2 రోజులకి ఏ కారణం లేకుండా ఆపరేషన్ వద్దు. కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరితిత్తుల నిండా నీరే ఉంటుంది. నొప్పులు మొదలైనప్పుడు బిడ్డ ఒంట్లో వచ్చే మార్పులవల్ల ఆ నీరు ఇంకిపోతుంది. నొప్పులు రాకముందే, అదీ 39 వారాలు నిండకముందే కోసి తీస్తే నీరు మిగిలిపోయి బిడ్డ ఎగశ్వాస పడొచ్చు. 37 వారాల్లో తీసిన బిడ్డలకి ఈ బాధ 39 వారాల బిడ్డలకన్నా రెట్టింపు కన్నా ఎక్కువే. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. కానీ ఆ రెండు రోజులూ బిడ్డ ఆక్సిజన్ పెట్టుకుని ఎన్‌ఐసీయూలో, అంటే పసిపిల్లల ఐసీయూలో ఉంటుంది, మీరు పై అంతస్తులో ఉంటారు. బిడ్డని వెంటనే ఒళ్ళోకి తీసుకోవాలన్న మీ కోరికకి అడ్డం పడేది ఆస్పత్రి కన్నా ముందు ఈ ముహూర్తమే.

కాబట్టి మీ ఆయన చేత మామయ్యగారితో మాట్లాడించండి. "39 వారాలు నిండాక వచ్చే రోజుల్లో మంచిది చూడమనండి" అంటే ఆయన మాట పోదు, పంతులుగారి మాటా పోదు. వారాల లెక్క మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగ్ ప్రకారం వేయించండి, అదే సరైన లెక్క. బీపీ, షుగరు, మాయ కిందికి ఉండటం, బిడ్డ ఎదుగుదల తగ్గడం లాంటి కారణంతో డాక్టరే ముందు తీయాలంటే అది వేరే విషయం, అప్పుడు ఆలస్యం చేయొద్దు. తేదీకి ముందే నొప్పులొచ్చినా, ఉమ్మనీరు పోయినా ముహూర్తం కోసం ఇంట్లో కూర్చోవద్దు. మీకు పాత కుట్టు ఉంది, వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. అన్నట్టు, ఈసారి కూడా ఆపరేషన్ ఎందుకో మీ డాక్టరుని అడిగారా? మొదటిది ఆపరేషన్ అయితే రెండోదీ అదే కావాలన్న నియమం లేదు. మీ కుట్టు ఎలా ఉంది, ఆ ఆస్పత్రిలో ఏ వేళప్పుడైనా థియేటర్ సిద్ధంగా ఉంటుందా అన్నదాన్నిబట్టి వాళ్ళే చెప్పాలి. అడిగి తెలుసుకోండి.

ఇక ఆస్పత్రితో మాట్లాడటం. ఆపరేషన్ రోజు పొద్దున థియేటర్ గుమ్మంలో అడిగితే ఎవరూ వినరు. అక్కడ అందరూ హడావుడిగా ఉంటారు. 35, 36 వారాల చెకప్‌కి మీ ఆయనతో కలిసి వెళ్ళండి. ఓపీ రద్దీ తగ్గాక చివర్న కూర్చుంటే ఇంకా మంచిది. పాత ఆస్పత్రిని తిట్టొద్దు, "పోయినసారి ఇలా చేశారు" అని మొదలుపెట్టొద్దు. ఇలా అడగండి: "మేడమ్, నాకు వెన్నులో మత్తిస్తారు కదా, మెలకువగానే ఉంటాను. బిడ్డ బాగా ఏడిస్తే నా గుండెలమీద పడుకోబెడతారా? పోయినసారి పాలు పట్టలేకపోయాను, ఈసారి మొదటి గంటలోనే పట్టాలని నా ఆశ. దీనికి పిల్లల డాక్టరుగారితో, మత్తు డాక్టరుగారితో కూడా మీరు ఒక మాట చెబుతారా?" ఇలా అడిగితే కోప్పడే డాక్టరుని నేను పెద్దగా చూడలేదు. చాలామంది "ఇంతవరకూ ఎవరూ అడగలేదమ్మా" అంటారు. అది నిజమే కూడా.

మీరు అడుగుతున్నది కొత్త సరదా ఏమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి 1991లో తల్లిపాలకి అనుకూలంగా ఉండే ఆస్పత్రుల కార్యక్రమం మొదలుపెట్టాయి, దాని పది సూత్రాలని 2018లో సవరించాయి. పుట్టగానే తల్లి ఒంటికి ఆనించి ఉంచడం, మొదటి గంటలో పాలు, రాత్రీ పగలూ బిడ్డ తల్లి గదిలోనే ఉండటం అందులో ఉన్నాయి. వెన్నులో మత్తిచ్చి చేసిన ఆపరేషన్‌కీ అవే వర్తిస్తాయి. మన కేంద్ర ప్రభుత్వం 2016లో 'మా' అన్న పేరుతో తల్లిపాల కార్యక్రమం, 2017లో కాన్పు గదులు, కాన్పు థియేటర్లు మెరుగుపరచడానికి 'లక్ష్య' మొదలుపెట్టింది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లే, ప్రైవేటులో అయితే 81.5. ఆంధ్రలో 42.4, దేశం మొత్తం మీద 21.5. ఇన్ని ఆపరేషన్లు జరిగే చోట ఆపరేషన్ బిడ్డని ఎలా చూడాలో అందరికన్నా బాగా మనకి తెలిసుండాలి. తెలంగాణలో మొదటి గంటలో తల్లిపాలు అందిన పిల్లలు నూటికి 40 మంది కూడా లేరు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూసినప్పుడల్లా నాకు నిద్రపట్టదు.

థియేటర్లో ఏం జరగాలో కొంచెం వివరంగా చెబుతాను, అప్పుడు మీరు అడిగేది మీకే స్పష్టంగా ఉంటుంది. బిడ్డ బాగా ఏడిస్తే బొడ్డుతాడు వెంటనే కోయకుండా కనీసం ఒక నిమిషం ఆగాలి. ఆ నిమిషంలో మాయలో ఉన్న రక్తం బిడ్డకి చేరుతుంది, తర్వాతి నెలల్లో రక్తహీనత తగ్గుతుంది. వెచ్చటి పొడి బట్టతో ఒళ్ళంతా తుడిచి, ఆ తడిబట్ట తీసిపారేయాలి. తడిబట్టతోనే చుట్టేస్తే బిడ్డ చల్లబడుతుంది, ఈ పొరపాటు నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. తర్వాత బిడ్డని మీ రొమ్ముల పైభాగంలో అడ్డంగా పడుకోబెట్టాలి, ఎందుకంటే కింద తెర ఉంటుంది, పొట్టవైపు చోటుండదు. దీనికోసం గుండెకి పెట్టే ఈసీజీ స్టిక్కర్లు ఛాతీ మధ్యలో కాకుండా భుజాలవైపు అంటిస్తే చాలు. ఒక చేతికి సెలైన్, బీపీ పట్టా రెండూ ఉంటే రెండో చెయ్యి బిడ్డని పట్టుకోవడానికి ఖాళీగా ఉంటుంది. ఇవన్నీ రూపాయి ఖర్చులేని పనులు. బరువు చూడటం, విటమిన్ కె ఇంజెక్షన్ లాంటివి కాసేపాగి చేయొచ్చు. ఇంజెక్షన్ మాత్రం మానకూడదు, రక్తస్రావం రాకుండా కాపాడేది అదే. స్నానం మొదటి 24 గంటలూ వద్దు. ఒంటిమీద తెల్లగా ఉండే జిడ్డు మురికి కాదు, రుద్ది తీయొద్దని మీ అమ్మకీ చెప్పండి.

ఏసీ విషయం కూడా అడగండి. ఆపరేషన్ చేసేవాళ్ళు గౌనులు వేసుకుని లైట్ల కింద నిలబడతారు, వాళ్ళకి ఉక్కపోస్తుంది, 20కి తిప్పుతారు. తడితో పుట్టిన బిడ్డకి ఆ గాలి గాయంలాంటిది. బిడ్డ బయటికి వచ్చే సమయానికి గది 25 డిగ్రీలకి తగ్గకుండా ఉండాలి. "సిస్టర్, బిడ్డ తీసే ముందు ఏసీ కొంచెం తగ్గిస్తారా" అని మీరే టేబుల్ మీద నుంచి అనొచ్చు. నేను డ్యూటీలో ఉన్నప్పుడు ఎవరైనా అలా అంటే సంతోషించేదాన్ని, ఎందుకంటే సర్జన్‌గారికి నేను చెప్పలేని మాట అది.

థియేటర్లో కుదరదన్నారనుకోండి. బల్ల ఇరుకు, మీకు వణుకు వస్తోంది, కడుపులో తిప్పుతోంది, చూసుకోవడానికి నర్సు లేదు. ఇవి నిజమైన ఇబ్బందులే. అప్పుడు "రికవరీ గదికి రాగానే ఇవ్వండి, అప్పటిదాకా వాళ్ళ నాన్న గుండెమీద పెట్టండి" అనండి. మగవాళ్ళు చొక్కా విప్పి కూర్చుంటే చాలు, వాళ్ళ ఒంటి వేడికీ బిడ్డ నిమ్మళిస్తుంది. మన ఊళ్ళలో ఇది కొత్త కాబట్టి మీ ఆయనకి ముందే చెప్పి ఒప్పించండి. గుండీలు ముందుకుండే చొక్కా వేసుకురమ్మనండి. బయట వరండాలో పదిమంది చుట్టాలు ఫోన్లు పట్టుకుని నిలబడి బిడ్డని చేతులు మార్చుకోవడం కన్నా ఇది వెయ్యిరెట్లు మేలు. ఆ చేతులు మారే పది నిమిషాల్లోనే బిడ్డ చల్లబడేది. బిడ్డని చూపించడానికి ఆయాలు చేయిచాచే చోట ఆ పది నిమిషాలు అరగంట కూడా అవుతుంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ ఇది జరుగుతోంది.

ఒక జాగ్రత్త మాత్రం మర్చిపోవద్దు. బిడ్డ మీ గుండెమీద ఉన్నంతసేపూ మెలకువగా ఉన్న ఇంకో మనిషి పక్కనుండాలి. ముక్కు, నోరు మూసుకోకుండా మెడ ఒక పక్కకి తిరిగి ఉందా, రంగు గులాబీగానే ఉందా అని ఆ మనిషి చూస్తూ ఉండాలి. మందుల మత్తుకి మీకు కన్నంటుకుంటే బిడ్డని తీసి పక్కన ఉయ్యాలలో పెట్టాలి. మీకు పూర్తి మత్తు ఇవ్వాల్సి వచ్చినా, పుట్టగానే బిడ్డ ఏడవకపోయినా, ఊపిరి భారంగా తీసుకుంటున్నా బిడ్డ వార్మర్ దగ్గరికి, పిల్లల డాక్టరు చేతుల్లోకి పోవాలి. అప్పుడు అడ్డుచెప్పొద్దు, కుంగిపోవద్దు కూడా. మీరు మేలుకున్నాక మొదటి గంట రెండు గంటల్లోనే చేత్తో ముర్రుపాలు పిండి చెంచాలోకి తీసి బిడ్డకి పంపించండి. రెండు మూడు చుక్కలే వస్తాయి. పారేయకండి, ఆ చుక్కలే మందు. పగలూ రాత్రీ మూడు గంటలకోసారి పిండితే బిడ్డ తిరిగొచ్చేసరికి పాలు మీకోసం ఎదురుచూస్తుంటాయి.

మొదటి రాత్రి గురించి ఎవరూ చెప్పరు, అందుకే చెబుతున్నాను. మూత్రానికి గొట్టం ఉంటుంది, చేతికి సెలైన్ ఉంటుంది, పక్కకి తిరిగితే కుట్లు లాగుతాయి. తల పైకెత్తొద్దంటారు. పరవాలేదు, వెల్లకిలా పడుకునే పట్టొచ్చు. మీ అమ్మ బిడ్డని మీ భుజం పక్కనుంచి రొమ్ముకి ఆనించి పట్టుకుంటే చాలు. తర్వాత పక్కకి తిరిగి పడుకుని, వెనక దిండు పెట్టుకుని పట్టండి. కూర్చోగలిగాక బిడ్డని పొట్టమీద కాకుండా చంక కింద పెట్టుకుని, కాళ్ళు మీ వీపువైపు ఉండేలా పడితే కుట్లమీద బరువు పడదు. రోజుకి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పట్టాలి. చనుమొన ఒక్కటే కాకుండా దాని చుట్టూ ఉన్న నల్లభాగం కూడా బిడ్డ నోట్లోకి పోవాలి. నొప్పికి డాక్టరు ఇచ్చే పారాసిటమాల్, డైక్లోఫినాక్ లాంటి మామూలు మందులు పాలకి అడ్డుకావు. నొప్పి ఓర్చుకోవడం గొప్ప కాదమ్మా. నొప్పితో బిగుసుకున్న తల్లికి పాలు దిగడం ఆలస్యమవుతుంది, మందు అడిగి వేసుకోండి.

రాత్రి రెండింటికి బిడ్డ ఏడుస్తుంది. పక్క మంచం వాళ్ళు "పాపం ఆకలి, ఒక్క సీసా పట్టండి" అంటారు. నర్సు కూడా అనొచ్చు. అప్పుడు మళ్ళీ రొమ్ముకి పెట్టండి, లేదా గుండెలకి హత్తుకోండి. ఏడుపంతా ఆకలి కాదు. కడుపులో వెచ్చగా ముడుచుకుని ఉన్న బిడ్డ ఒక్కసారిగా విశాలమైన మంచంమీద పడింది, ఆ భయమూ ఉంటుంది. డబ్బాపాలు విషం అని నేను చెప్పను. బిడ్డ రక్తంలో చక్కెర పడిపోయినా, బరువు మరీ తగ్గినా, తల్లికి షుగరు ఉన్నా కొన్నిసార్లు అవసరమవుతాయి. అప్పుడు కూడా "మొదట నా పాలు పిండి ఇస్తాను, చాలకపోతేనే అవి" అనండి, సీసా కాకుండా చెంచాతోనో ఉగ్గుగిన్నెతోనో పట్టించమనండి. ఎందుకు కావాలో, ఎన్ని మిల్లీలీటర్లో ఫైల్లో రాయమని అడగండి. కారణం రాయాల్సి వచ్చినప్పుడు సగం సీసాలు వాటంతటవే మాయమవుతాయి, ఇది నా అనుభవం. డబ్బాపాల కంపెనీలు తల్లులకి ఉచిత శాంపిళ్ళు ఇవ్వడం, ఆస్పత్రిలో ప్రచారం చేసుకోవడం 1992 చట్టం ప్రకారం నేరం. ఎవరైనా చేతిలో డబ్బా పెడితే తీసుకోకండి.

మీ అత్తమ్మగారిని పక్కకి నెట్టొద్దు. ఆవిడని మీవైపు తెచ్చుకోండి. ఒక పని అప్పగించండి: "అత్తమ్మా, బిడ్డ నోట్లో నా పాలు తప్ప ఇంకేదీ పడకుండా చూసే బాధ్యత మీదే." తేనె నాకించేవాళ్ళు వస్తారు, గాడిదపాలు తెచ్చేవాళ్ళు వస్తారు, పంచదార నీళ్ళంటారు. తేనెలో ఉండే క్రిమివల్ల ఏడాది లోపు పిల్లలకి నరాలు చచ్చుబడే జబ్బు రావొచ్చు. ఆవిడ గుమ్మంలో నిలబడి "మా కోడలు వద్దంది" అనకుండా "డాక్టరు వద్దన్నాడు" అంటే ఎవరూ నొచ్చుకోరు. మీ పథ్యం గురించి కూడా ఆవిడకి చెప్పండి. పప్పు తింటే కుట్లు చీము పడతాయన్నది నిజం కాదు, కుట్లు మానడానికి కావలసిందే పప్పు, గుడ్డు, పాలు. డాక్టరు తాగమన్నప్పటి నుంచి దాహమేసినప్పుడల్లా నీళ్ళు తాగండి. బాలింతకి నీళ్ళు ఇవ్వకపోతే నీరసం తప్ప ఇంకేమీ రాదు.

ఇంటికి పంపేముందు చూసుకోవాల్సినవి. బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి పడ్డాయా? హెపటైటిస్ బి మొదటి 24 గంటల్లోనే పడాలి. బిడ్డ బరువు ఎంత తగ్గింది? మొదటి రోజుల్లో కొంచెం తగ్గడం మామూలే, పది శాతం దాటితే పాలు పట్టే తీరు ఎవరైనా కూర్చుని చూడాలి. రెండు వారాల్లోపు పుట్టినప్పటి బరువుకి చేరుకోవాలి. మూత్రం లెక్కపెట్టండి: మొదటి రోజు ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, అలా పెరుగుతూ ఆరో రోజుకి కనీసం ఆరుసార్లు. "పాలు సరిపోతున్నాయా" అన్న ప్రశ్నకి మీ అత్తమ్మకీ మీకూ నమ్మకమైన జవాబు ఆ తడిబట్టలే. మొదటి రోజే పచ్చగా కనిపించినా, ఎప్పుడైనా పసుపు అరచేతులకీ అరికాళ్ళకీ పాకినా ఎండలో పెట్టి ఊరుకోకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. పాలు తాగడం మానేసినా, నిమిషానికి 60 కన్నా ఎక్కువ ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఒళ్ళు కాలుతున్నా చల్లబడినా, ఫిట్స్ వచ్చినా అర్ధరాత్రయినా సరే ఆగొద్దు.

డబ్బు మాట కూడా అనాలి. ప్రభుత్వాస్పత్రిలో అయితే 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ఆపరేషన్, మందులు, ఏడు రోజుల భోజనం, బిడ్డకి జబ్బు చేస్తే వైద్యం, రానూపోనూ వాహనం అన్నీ ఉచితం. రద్దీ ఎక్కువే, కాదనను. కానీ జిల్లా ఆస్పత్రులకి పసిపిల్లల ప్రత్యేక విభాగాలు వచ్చాక నేను చూసిన కొన్ని థియేటర్లలో బిడ్డని తల్లి దగ్గరికి తెచ్చే అలవాటు ప్రైవేటుకన్నా ముందే మొదలైంది. ప్రైవేటుకే వెళ్తామంటే గది ఎంత, ఏసీ ఉందా అని అడిగే ముందు ఈ ఒక్కటి అడగండి: ఆపరేషన్ అయ్యాక బిడ్డ ఎక్కడుంటుంది?

ఇది చదువుతున్న నా తోటి సిస్టర్లకి ఒక మాట. మీకు చేతినిండా పనని తెలుసు. ఒక షిఫ్టులో నాలుగు ఆపరేషన్లు, నర్సులు ఇద్దరే. అయినా ఒకరోజు ఒక్క తల్లితో మొదలుపెట్టండి. బిడ్డని తుడిచి తల్లిమీద పెట్టడం, పక్కన పదిహేను నిమిషాలు నిలబడటం. ఎవరి పని అన్నది ముందే రాసి పెట్టకపోతే అది ఎవరి పనీ కాదు. డ్యూటీ బోర్డుమీద "ఈరోజు బిడ్డ బాధ్యత" అని ఒక పేరు రాయించండి. మా వార్డులో ఏళ్ళుగా రాని మార్పు ఆ ఒక్క పేరు రాయడంతో వచ్చింది. రాత్రిళ్ళు ఏడుపులు తగ్గాయి, సీసాలు కడిగే పని తగ్గింది, సాయంత్రం ఆరింటికి తల్లులు "నా బిడ్డేది" అని అడగడం మానేశారు.

చివరిగా మీ చివరి ప్రశ్న. ఈసారి కూడా పాలు పడకపోతే? మొదటి వారంలోనే సాయం అడగండి, మూడో నెలదాకా ఆగొద్దు. మీ ఊరి ఆశా కార్యకర్త నంబరు ఇప్పుడే తీసుకోండి. ఆపరేషన్ అయినవాళ్ళ ఇంటికి ఏడో రోజు నుంచి నలభై రెండో రోజు వరకు అయిదుసార్లు రావడం ఆమె విధుల్లో ఉంది. ఆమె ముందు కూర్చుని పాలు పట్టండి, పట్టే తీరు దిద్దుతుంది. అప్పటికీ సగం పాలే వస్తే సగమే ఇవ్వండి, మిగతాది డాక్టరు చెప్పినట్టు చెంచాతో పట్టండి. సగం తల్లిపాలు కూడా తల్లిపాలే. మీ పెద్దపాపని ఇంట్లో దాచకుండా ఆపరేషన్ అయిన రెండో రోజు చేతులు కడిగించి తీసుకురమ్మనండి. తమ్ముడో చెల్లో మీ గుండెమీద పడుకుని ఉండగా ఆ పిల్లకి మీ రెండో చెయ్యి ఇవ్వండి.